కేసు కట్టలో లేని మాటలు రాసిన ప్లీడరు

1993 ఏప్రిల్ 15న మన నెల్లూరు జిల్లాలో సారా బంద్ అయింది. అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతా బంద్. ఆ తర్వాత సరిగ్గా నలభై రోజులకి, నవంబరు 10న, విశాఖపట్నంలో ఒక ప్లీడరు కన్నుమూశాడు. డెబ్బై ఒక్కేళ్లు ఆయనకి. సారా కాసేవాళ్లు, అమ్మేవాళ్లు, తాగేవాళ్లు, పట్టుకునేవాళ్లు, పట్టుకోకుండా వదిలేసి మామూలు మింగేవాళ్లు, ఈ గుంపు మొత్తాన్ని తెలుగు కథలోకి ఆయన తోలుకొచ్చినట్టు ఇంకెవురూ తోలుకురాలేదు. పేరు రాచకొండ విశ్వనాథశాస్త్రి. అందరూ రావిశాస్త్రి అంటారు.

నెల్లూరు సముద్రం ఒడ్డునుండే నేను యాడో విశాఖపట్నం ప్లీడరు గురించి ఎందుకు రాస్తుండానని అడగొచ్చు మీరు. కారణం ఉండాది. ఇప్పుడు మన ఊళ్లల్లో పిలకాయలు చేతిలో ఫోను పట్టుకోని రాత్రి రెండింటి దాకా చూసేది ఏంది? క్రైమ్ సిరీసులు. యాడో ముంబై డాన్ పేరు చెప్తారు, ఇంకా యాడో విదేశాల్లో మత్తుమందులమ్మిన వాడి చరిత్ర మొత్తం అప్పజెప్తారు. మంచిదే, చూడండి. కానీ మన మండలంలో ఒక సీసా కేసు ఎట్టా పుడుతుందో, పంచనామాలో ఎవురి సంతకం ఉంటుందో, బైండోవర్ అంటే ఏందో అడిగితే ఒక్కడు చెప్పడు. ఆ సంగతులు కథలు చేసి చెప్పిన మనిషి మన భాషలోనే ఉండాడు. ఆయన్ని మాత్రం పాఠ్యపుస్తకంలో రెండు మార్కుల ప్రశ్న కింద వదిలేసినాం.

నేరం మీద కథలు రాసినోళ్లు లోకంలో చానామంది. బెల్జియం దేశంలో లియేజ్ అనే ఊళ్లో 1903లో పుట్టిన జార్జ్ సిమెనాన్ అనే ఆయన మెగ్రే అనే పోలీసు అధికారిని సృష్టించి డెబ్బైకి పైగా నవలలు రాశాడు. పదిహేనేళ్లకే పేపర్లో విలేఖరిగా చేరి పోలీస్ స్టేషన్లు, కోర్టులు తిరిగిన మనిషి. ఆయన కథల్లో హత్య ఎవురు చేశారనేది పెద్ద సంగతి కాదు, ఆ మనిషి అంత దూరం ఎట్టా పోయాడనేదే సంగతి. మెగ్రే లేకుండా కూడా చీకటి నవలలు చానా రాశాడు. మనకీ డిటెక్టివ్‌లు ఉండారు. కొమ్మూరి సాంబశివరావు రాసిన యుగంధర్ నవలలంటే మా తాతల తరం అన్నం మానేసి చదివింది. ఆ నవలలో తలుపు మూసిన గదిలో శవం ఉంటుంది, యుగంధర్ వస్తాడు, ఆఖరి పేజీలో హంతకుడు దొరుకుతాడు, అందరం హాయిగా నిద్రపోతాం.

రావిశాస్త్రి కథ అట్టా కాదు. అందులో ముద్దాయి మొదటి పేజీలోనే దొరికిపోయుంటాడు. దొరకని వాడు ఇంకొకడు ఉంటాడు. వాడు కథలో ఎక్కువసేపు కనిపించను కూడా కనిపించడు. కథ అయిపోయినాక మనకి నిద్ర పట్టకుండా చేసేది వాడే.

ఈయన పుట్టింది 1922 జూలై 30న, శ్రీకాకుళంలో. సొంతూరు అనకాపల్లి పక్కన తుమ్మపాల. నాయన నారాయణమూర్తి గారు ప్లీడరు. అమ్మ తరఫు తాత కూడా ప్లీడరే. అంటే కోర్టు మాట ఆ ఇంట్లో అన్నంలో ఉప్పు మాదిరి. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివి, మద్రాసు పోయి లా చదివి, విశాఖపట్నంలో తాతగారి దగ్గరే జూనియర్‌గా చేరాడు. 1950లో సొంతంగా ప్రాక్టీసు పెట్టాడు. బాగా బతికిన కుటుంబం, బ్రాహ్మణ ఇల్లు, ఇంగ్లీషు చదువు. ఆ రోజుల్లో అట్టాంటి కుర్ర ప్లీడరు కోరుకునేది పెద్ద సివిల్ దావాలు, జమీందార్ల ఆస్తి తగాదాలు. ఈయన చుట్టూ చేరింది మాత్రం సారా కేసుల ఆడోళ్లు, చిల్లర దొంగలు, రిక్షావాళ్లు, పోర్టు కూలీలు, ఒళ్లమ్ముకునే ఆడోళ్లు.

స్వతంత్రం వచ్చేదాకా ఆయన కాంగ్రెస్ మనిషి. గాంధీ గారి మాట మీద నమ్మకముండేది. ఆ కాంగ్రెసే తెచ్చిన మద్యనిషేధం కోర్టులో ఎట్టా నడుస్తుందో రోజూ కళ్లారా చూశాడు. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాల, ఎందుకంటే మన తరానికి ఇది తెలీదు.

1993కి ముందు కూడా మనకి నిషేధం ఉండేది. మనం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండాం. రాజాజీ 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం 1948 నాటికి రాష్ట్రమంతా పాకింది. నెల్లూరుకీ వచ్చింది, విశాఖపట్నానికీ వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినాక కూడా అది అట్టాగే నడిచింది. కల్లుగీత మీద బతికేవాళ్లు పనిపోయి రోడ్డున పడ్డారు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది ఈ నిషేధం గొడవ మీదనే, అదీ ఒక్క ఓటు తేడాతో. ప్రభుత్వం పోయింది గానీ నిషేధం పోలా. 60ల చివరి దాకా కాయితం మీద అట్టాగే ఉండింది.

కాయితం మీద నిషేధం ఉంటే వీధిలో ఏముంటుంది? వీధిలో సారా ఉంటుంది. దొంగసారా కాయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బెల్లం, తుమ్మచెక్క, కుండలు, రాత్రిపూట ఒక తోపు చాలు. కాసినోడు ఒకడు, పెట్టుబడి పెట్టినోడు ఒకడు, మోసినోడు ఒకడు, సందులో కూర్చోని గ్లాసుల్లో పోసి అమ్మే ఆడమనిషి ఒకామె. పట్టుకునే అధికారికి నెలకింత అని లెక్క ఉంటుంది. అట్టాగని కేసులే లేకపోతే పైవాళ్లు ఊరుకోరు, నెలకి ఇన్ని కేసులని చూపించాల. ఎవుర్ని చూపిస్తారు? పెట్టుబడి పెట్టినోణ్ని చూపిస్తే వచ్చే నెల మామూలు ఎవురిస్తారు? అందుకని సందులో గ్లాసు పట్టుకున్న ఆమెని చూపిస్తారు. ఆమె కోర్టుకొస్తుంది, జరిమానా కడుతుంది, కట్టలేకపోతే జైలుకి పోతుంది, తిరిగొచ్చి ఆ జరిమానా అప్పు తీర్చడానికి మళ్లీ అదే గ్లాసు పట్టుకుంటుంది.

60ల మొదట్లో ఆయన ఆరు సారా కథలు రాసింది దీని మీదనే. పేరు కూడా ఆరు సారా కథలే. అందులో మాయ అనే కథ ఒక్కటి చదివితే చాలు, మనిషి బుర్రలో చట్టం గురించి ఉండే అచ్చు పుస్తకం మొత్తం తడిసిపోతుంది. ముత్యాలమ్మ అనే సారా అమ్మే ఆమె, కొత్తగా ప్రాక్టీసుకొచ్చిన మూర్తి అనే కుర్ర ప్లీడరు. కుర్రోడికి లా పుస్తకాల మీద నమ్మకం. సాక్ష్యం తప్పని చూపిస్తే కేసు గెలుస్తుందని వాడి లెక్క. ఆమెకి అక్షరమ్ముక్క రాదు. కానీ ఈ కోర్టు, ఈ పోలీసు, ఈ డబ్బు ఎట్టా తిరుగుతాయో వాడికన్నా బాగా తెలుసు. కథ అయ్యేసరికి ప్లీడరెవురో క్లయింటెవురో తారుమారవుతుంది. పాఠం చెప్పింది ఆమె, నేర్చుకుంది వాడు. ఆ మూర్తిలో రావిశాస్త్రి కొంచెం ఉండాడనే నా అనుమానం. చదివి మీరు చెప్పండి.

ఇక్కడే నాకు ఆయన గురించి అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి ఉండాది. ఆ రోజుల్లో కోర్టు కాయితాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడిచేవి. సారా అమ్మే ఆమె బోనులో నిలబడి తన యాసలో తన గోడు చెప్పుకుంటే, అది కాయితం మీద రెండు ఇంగ్లీషు వాక్యాలయ్యేది. నేరం ఒప్పుకుంది, లేదా ఒప్పుకోలేదు. ఇంట్లో ఎంతమంది బిడ్డలు, మొగుడు ఏమయ్యాడు, సరుకు ఎవురిచ్చారు, నెలనెలా ఎవురు తీసుకున్నారు, ఇదంతా గాల్లో కలిసిపోయేది. రావిశాస్త్రి పగలు ఆ కోర్టులోనే నిలబడి వాదించాడు. కాయితం మీదికి ఎక్కని మాటలన్నిటినీ ఇంటికి మోసకపోయి కథల్లో పెట్టాడు. కేసు కట్ట ఒకటి కోర్టులో ఉంటే, దానికి జత పడాల్సిన రెండో కట్ట ఆయన పుస్తకాల్లో ఉండాది.

అందుకే ఆయనకి యాస అవసరమైంది. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం వీధుల్లో జనం మాట్లాడుకునే మాటని ఆయన ముచ్చటకో, నవ్వు పుట్టించడానికో వాడలా. ముత్యాలమ్మ మాటని శుద్ధి చేసి పుస్తకాల తెలుగులో రాసుంటే, అది కూడా కోర్టు గుమాస్తా చేసిన పని మాదిరే అయ్యేది. సినిమాల్లో మన నెల్లూరు యాస వచ్చిందంటే పక్కన కామెడీ మ్యూజిక్ కొడతారు గదా. కాలేజీకి నెల్లూరో గూడూరో పోయినప్పుడు మన సముద్రమొడ్డు పిలకాయలు నోరు తెరిస్తే వెనక బెంచీ నవ్వుతుంది గదా. రావిశాస్త్రి కథల్లో యాస మాట్లాడే మనిషిని చూసి నవ్వలేం. నిజం తెలిసిన మనిషి ఆమే కాబట్టి. శుద్ధమైన భాష మాట్లాడేవాడొస్తే మాత్రం జాగ్రత్తగా ఉండాల, వాడు ఏదో ఒకటి దాస్తా ఉంటాడు.

ఈ కథలకి ముందే, 50ల్లో, అల్పజీవి అనే నవల రాశాడు. సుబ్బయ్య అనే గుమాస్తా. వాడికి అన్నీ భయమే. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, బావమరిది అంటే భయం, గవరయ్య అనే కంట్రాక్టరంటే మరీ భయం. మనిషి లోపల భయం ఎట్టా తిరుగుతుందో వాడి తలకాయలో కూర్చోని చెప్పినట్టు రాశాడు. ఐర్లాండ్ రచయిత జేమ్స్ జాయిస్ పద్ధతి అని పెద్దోళ్లు చెప్తారు. ఆ పేరు వినగానే పారిపోవద్దు. ఎవురికైనా బాకీ పడి, వాడు ఎదురొస్తే సందు మళ్లిన అనుభవం ఉన్నోళ్లకి ఈ నవల జాయిస్ తెలీకపోయినా అర్థమవుద్ది.

సారా కథలొచ్చినాక పేరు మోగిపోయింది. నిజం అనే నాటకం రాశాడు. రాజు మహిషి అని విశాఖ వీధుల నేరలోకం మీద పెద్ద నవల మొదలుపెట్టాడు. అది పూర్తి చేయలా. మూడు కథల బంగారం, సొమ్ములు పోనాయండి, బాకీ కథలు, గోవులొస్తున్నాయి జాగ్రత్త, ఇట్టా వరసగా. పేర్లు చూసినా తెలుస్తుంది, డబ్బు చుట్టూ, బాకీ చుట్టూ, దొంగసొమ్ము చుట్టూ తిరిగే కథలు. మధ్యలో జరీ అంచు తెల్లచీర అనే చిన్న కథ ఒకటుండాది. అందులో హత్యలేదు, పోలీసు లేడు. ఒక పేద పిల్లకి ఒక చీర కావాల. అంతే కథ. ఆయన రాసిన నేరం కథలన్నిటికన్నా అది చదివితే నాకు ఎక్కువ కోపమొస్తుంది. ఎవురి మీద కేసు పెట్టాలో తెలీని నేరం అది.

ఇంక మన జిల్లా సంగతికొద్దాం. ఇక్కడ చిక్కొకటుండాది. దాటేసి పోతే బాగుండదు.

1991లో మన జిల్లాలో చదువు ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో ఆడోళ్లు అక్షరాలు నేర్చుకున్నారు. చదువు పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుబోతు మొగుడి వల్ల నాశనమైన ఆడమనిషి కథ. అది చదివిన కలిగిరి దగ్గర దూబగుంట ఆడోళ్లు ఇది మా కథే గదా అనుకున్నారు. రోశమ్మ లాంటోళ్లు ముందు నిలబడితే ఊరి ఆడోళ్లంతా పోయి సారా అంగడి మూయించారు. ఆ నిప్పు ఊరి నుంచి ఊరికి పాకింది. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి, పాట జరగనిస్తే గదా. ఆ లెక్కన చూస్తే మన ఆడోళ్లు సారా మీద యుద్ధం చేసినోళ్లు. మరి రావిశాస్త్రి? ఆయన సారా అమ్మే ముత్యాలమ్మ పక్కన నిలబడినోడు. ఇద్దరూ ఒకే వైపు ఎట్టా ఉంటారు?

నేను చానా రోజులు దీన్ని తిరగేసి చూశాను. నాకు తోచింది ఇది. ముత్యాలమ్మ కాలంలో సారా దొంగసరుకు. దూబగుంట కాలానికి అది సర్కారు సరుకు. 80ల్లో వారుణి వాహిని అని పేరు పెట్టి ప్రభుత్వమే పొట్లాల్లో పోసి ఊరూరికీ పంపింది. నీళ్లు రాని ఊరికి సారా పొట్లం వచ్చేది. సరుకు దొంగదైనా సర్కారుదైనా పైన లాభం తినేవాడు ఒకే రకం మనిషి. కింద నష్టపోయేది కూడా ఒకే రకం ఇల్లు. ఒకామె ఆ ఇంట్లో గ్లాసు పట్టుకోని అమ్మింది, ఇంకొకామె ఆ గ్లాసు పగలగొట్టింది. రావిశాస్త్రి కథలో కనిపించని ఆ మూడోవాణ్ని దూబగుంట ఆడోళ్లు నేరుగా వేలంపాట హాలు దగ్గరే పట్టుకున్నారు. పోలీసుని పంపండి, కేసులు పెట్టండి అని వాళ్లు మొదలుపెట్టలా. అంగడి దగ్గరికి, పాట దగ్గరికి వాళ్లే పోయారు. అందుకే అది గెలిచింది.

ఆ తర్వాత సంగతి అందరికీ తెలుసు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మొత్తం మద్యమే నిషేధించింది. పక్క రాష్ట్రాల నుంచి దొంగ సీసాలు, మళ్లీ మామూళ్లు, మళ్లీ కేసులు. 1997లో నిషేధం సడలించేశారు. ఆ రెండేళ్లలో జరిగిందాన్ని రావిశాస్త్రి ముప్పై ఏళ్ల ముందే రాసిపెట్టాడు. చూడ్డానికి ఆయన లేడు.

ఇది పాత చరిత్ర అనుకుంటే పొరపాటు. ఇస్కపల్లి ఉప్పు కొటార్ల నుంచి మైపాడు దాకా, రొయ్యల గుంటల మధ్య ఏ పల్లెకైనా పోయి చూడండి. షాపులు సర్కారు నడిపినా, ప్రైవేటోళ్లు నడిపినా బెల్టు షాపు మాత్రం ఉండాది. మా పక్క పాలెంలో ఒకామె. మొగుడు వేటకి పోయి తిరిగి రాలా. ఇంట్లో నాలుగు సీసాలు పెట్టుకోని అమ్ముతుంది. వచ్చి పట్టుకున్న ప్రతిసారీ ఆమె పేరే రాసుకున్నారు. సీసాలు ఎవురిచ్చారని ఒక్కసారి కూడా ఎవురూ అడగలా. మొన్నీమధ్య ఆమె ఇంట్లో లేనప్పుడు వస్తే, డిగ్రీ చదివే ఆమె కొడుకు దొరికాడు. వాడి పేరు రాసుకున్నారు. వాడికి కోస్ట్ గార్డ్‌లో చేరాలని కోరిక, పొద్దున్నే ఇసకలో పరుగులు పెట్టేవాడు. కేసుంటే వెరిఫికేషన్‌లో ఏమవుద్దో మీకు తెలుసు. ఇప్పుడు వాడు పరుగులు మానేసి వాయిదాలకి తిరుగుతుండాడు. సీసాలు ఇచ్చినాయన బండి మీద పోతా పోతా వాణ్ని పలకరించి, ఖర్చులకి ఏమన్నా కావాలా అని కూడా అడుగుతాడంట. అచ్చం రావిశాస్త్రి కథలో ఆసామి మాదిరి, బో మర్యాదస్తుడు.

ఆ పిలకాయకి మాయ కథ నేనే ఇచ్చాను. చదివి రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత వచ్చి వాళ్లమ్మ మీద ఇన్నాళ్లూ ఉన్న కోపం గురించి ఏదో చెప్పబోయి ఆపేశాడు. నేనూ అడగలా.

రావిశాస్త్రి జీవితంలో మిగతా సగం రాజకీయం. 60ల్లో ఆయన మార్క్సిజం వైపు జరిగాడు. అప్పుడే పక్కన శ్రీకాకుళం గిరిజన పోరాటం రగులుతుండింది. 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు శ్రీశ్రీతో, కొడవటిగంటి కుటుంబరావుతో పాటు ఈయనా ఉండాడు. మన కావలి జవహర్ భారతి కాలేజీలో పాఠాలు చెప్పిన కేవీఆర్, అదే కె.వి.రమణారెడ్డి గారు, ఆయనా అందులో వాడే. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. యాభై దాటిన ప్లీడరు, ఎందర్నో జైలు నుంచి బయటికి తెచ్చినోడు, తనే జైలుకి పోయాడు. రత్తాలు రాంబాబు నవల ఆ జైలు రోజులతో ముడిపడిందే. ఆంధ్రా యూనివర్సిటీ కళాప్రపూర్ణ ఇస్తామంటే వద్దన్నాడు. ఆయన చదువుకున్న యూనివర్సిటీయే అది.

ఆయన రాజకీయం మీకు నచ్చాలని నేను చెప్పడంలా. నాకూ అన్నీ నచ్చవు. కథ రాసేవాడు తన రాత వల్ల ఏ మంచికి దెబ్బ తగులుతుందో, ఏ చెడ్డకి సాయమవుతుందో చూసుకోవాలనే పట్టు ఆయనకుండేది. ఆ పట్టు చానాసార్లు కథని నిలబెట్టింది. కొన్నిసార్లు మోయలేని బరువు కూడా అయింది. పిపీలికం అనే కథ చూడండి. చీమ నేనెవర్ని అని వెతుక్కుంటా పోవడం, పాము వచ్చి పుట్ట ఆక్రమించడం, చీమలన్నీ కలిసి తిరగబడటం. కథ చెప్పిన తీరు బో బాగుంటుంది, వేదాంతం చెప్పేవాళ్ల మీద ఎగతాళి ఇంకా బాగుంటుంది. కానీ ఎట్టా ముగుస్తుందో సగంలోనే తెలిసిపోద్ది. ముత్యాలమ్మ కథలో అట్టా కాదు, ఆఖరి దాకా మన కాళ్ల కింద ఇసక జారతానే ఉంటుంది.

ఇంకో సంగతి. ఆయనకి ఉపమానాల పిచ్చి. ఒక్క పోలికతో ఆగడు. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి, వరసపెట్టి అలల మాదిరి వస్తానే ఉంటాయి. కొన్ని చోట్ల చదివేవాడికి ఊపిరాడదు. కొన్ని చోట్ల మాత్రం ఆ అలే మనల్ని లేపి ఒడ్డున పడేస్తుంది. డబ్బున్న దుర్మార్గుల్ని గీసేటప్పుడు చెయ్యి కొంచెం బరువుగా పడుతుంది, వాళ్లలో మనిషి అంతగా కనపడడు. పేదోళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం దొంగలో దయ, దయలో మోసం, మోసంలో భయం, అన్నీ కనపడతాయి. సిమెనాన్ గనక తెలుగు చదివుంటే ఆ గుమాస్తాల్ని, ఆ దొంగల్ని గుర్తుపట్టుండేవాడు. తేడా ఒక్కటే. సిమెనాన్‌కి మనిషి లోపలి చీకటి మీద చూపు. రావిశాస్త్రి ఆ చీకటికి అద్దె ఎవురు వసూలు చేసుకుంటుండారో కూడా చూస్తాడు.

ఆఖరి దాకా రాస్తానే ఉండాడు. చివరి రోజుల్లో ఇల్లు అనే నవల. విశాఖపట్నం ఈ లోపల ఎంతో మారిపోయింది, పెద్ద పోర్టయింది, స్టీలు ఫ్యాక్టరీ వచ్చింది. ఆయన మనుషులు మాత్రం ఆ పాత సందుల్లోనే ఉండిపోయారు, ఎందుకంటే వాళ్లని ఎవురూ అక్కడి నుంచి బయటికి రానియ్యలా. కృష్ణపట్నం పోర్టు వచ్చినాక మన సందులు ఎట్టా ఉండాయో ఆలోచిస్తే ఈ మాట అర్థమవుద్ది. ఆ మనుషుల కథలు మన యాసలో ఎవురో ఒకరు రాయాల గదా. రొయ్యల గుంట కాపలావాడి కథ, బెల్టు షాపు ఆమె కథ, వాయిదాలకి తిరిగే పిలకాయ కథ. కోర్టు కాయితం ఇప్పుడు తెలుగులో ఉన్నా సరే, అందులో ఆ మాటలు ఇప్పటికీ లేవు.

చదవాలనుకునేవాళ్లు అల్పజీవితో మొదలుపెట్టొద్దు, మధ్యలో వదిలేస్తారు. ముందు మాయ చదవండి. ఆ రోజుకి అంతే, ఇంకోటి చదవొద్దు. తర్వాత జరీ అంచు తెల్లచీర. ఆ రెండూ అయినాక మిగతా సారా కథలు, ఆ తర్వాత అల్పజీవి. యాస మొదటి రెండు పేజీల్లో కొంచెం అడ్డం తగులుద్ది, మనది నెల్లూరు, వాళ్లది ఉత్తరాంధ్ర. గట్టిగా పైకి చదివితే దారికొస్తుంది. మనసు ఫౌండేషన్ వాళ్లు ఆయన రచనలన్నీ కలిపి రచనాసాగరం పేరుతో పెద్ద పుస్తకంగా తెచ్చారు. కొనలేకపోతే గ్రంథాలయంలో అడగండి. లేదంటే తెప్పించమని పుస్తకంలో రాసి సంతకం పెట్టి రండి.